పేరు తెరమీద ఉంది, ఫైలు ఎక్కడుంది?
క్లౌడ్‌లోని ఫైళ్ళను ఇంటర్నెట్ లేని వేళకు సిద్ధం చేసుకొనే విధానం

తమిళనాడు నగరాలలో విద్యుత్ ఉపకేంద్రాల నిర్వహణ పనుల కోసం ముందుగా ప్రకటించి, పగలంతా కరెంటు నిలిపివేయడం కోయంబత్తూరు, మదురై వాసులకు అలవాటైన విషయమే. ఆ రోజున ఇంట్లోని వైఫై పెట్టె ఆరిపోతుంది. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. సరిగ్గా అదే రోజు తాలూకా కార్యాలయంలో పని పడి, ఇంటి పెద్ద పట్టా నకలు కోసం ల్యాప్‌టాప్ తెరిచారనుకుందాం. ఫైలు పేరు కనిపిస్తుంది. తేదీ కనిపిస్తుంది. పరిమాణం కూడా కనిపిస్తుంది. కాని నొక్కితే తెరుచుకోదు.

ఆ ఫైలు పోలేదు, కంప్యూటరు చెడిపోలేదు. ఆ యంత్రంలో ఉన్నది ఫైలు పేరు మాత్రమే. అసలు ఫైలు ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో భద్రంగా ఉంది. ఇంటర్నెట్ ఉన్నంత కాలం ఈ తేడా ఎవరికీ తెలియదు. అది లేని ఒక్క పూటలోనే తెలుస్తుంది. ఏ ఫైలు ఇంట్లో ఉంది, ఏది దూరాన ఉంది అని గుర్తించడం ఎలా, అవసరమైన వాటిని ఇంట్లో నిలుపుకోవడం ఎలా అన్నది ఈ వ్యాసంలో వివరించబడింది.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చింది?

క్లౌడ్ అనగా మేఘం అని అర్థమైనా, ఫైళ్ళు ఉండేది నేలమీదనే. మైక్రోసాఫ్ట్, గూగుల్, ఆపిల్, డ్రాప్‌బాక్స్ వంటి సంస్థలు నిర్వహించే డేటా కేంద్రాలలోని డిస్కులలో అవి ఉంటాయి. ఇంటి కంప్యూటరులోని ఒక ఫోల్డరును ఆ కేంద్రంలోని ఫోల్డరుతో ఎప్పటికప్పుడు సరిపోల్చి, ఒకచోట జరిగిన మార్పును రెండోచోట కూడా చేయడాన్ని సింక్ అంటారు.

మొదట్లో సింక్ అంటే రెండుచోట్లా పూర్తి ఫైలు ఉండడమే. క్లౌడ్‌లో నిల్వ పెరిగిన కొద్దీ చిక్కు మొదలైంది. మైక్రోసాఫ్ట్ 365 వ్యక్తిగత చందాదారుకు 1 టెరాబైటు, అంటే సుమారు 1000 గిగాబైట్ల చోటు లభిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే డిస్కు 256 గిగాబైట్లు లేదా 512 గిగాబైట్లు. పెద్ద గాదెలోని ధాన్యమంతా చిన్న కుండలో పట్టదు. అందుచేత మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 నవీకరణలో 'ఫైల్స్ ఆన్ డిమాండ్' అనే ఏర్పాటును తెచ్చింది. దాని ప్రకారం ఫైళ్ళ పేర్లన్నీ కంప్యూటరులో కనిపిస్తాయి. ఏ ఫైలునైనా తెరిచినప్పుడు మాత్రమే అది దిగుమతి అవుతుంది. ఇతర సంస్థల సేవలలోనూ ఇటువంటి ఏర్పాట్లే ఉన్నాయి.

ఒక సంగతి ముఖ్యంగా గమనించాలి. ఎవరూ కోరి క్లౌడ్‌లో పెట్టని ఫైళ్ళు కూడా అక్కడికి చేరి ఉండవచ్చు. కొత్త విండోస్ 11 కంప్యూటరును మొదటిసారి సిద్ధం చేసే సమయంలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో జతపడి ఉండే అవకాశం ఉంది. కనుక “మా ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్ మీదనే ఉన్నాయి” అనుకొనేవారు కూడా ఒకసారి పరిశీలించుకోవడం మంచిది.

మూడు గుర్తులు

విండోస్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డరును తెరిస్తే ప్రతి ఫైలు పక్కన ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది.

మొదటిది, నీలిరంగు మేఘం. ఈ గుర్తు ఉన్న ఫైలు క్లౌడ్‌లో మాత్రమే ఉంది. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు.

రెండవది, తెల్లని వృత్తంలో ఆకుపచ్చని టిక్కు. ఈ ఫైలును ఎప్పుడో తెరిచినందున దాని ప్రతి ప్రస్తుతం కంప్యూటరులో ఉంది. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. అయితే ఇది తాత్కాలికం. కంప్యూటరు తన చోటును ఖాళీ చేసుకొనే సమయంలో ఈ ప్రతి వెళ్ళిపోవచ్చు.

మూడవది, నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్లని టిక్కు. ఈ ఫైలును ఎల్లప్పుడూ ఈ కంప్యూటరులోనే ఉంచాలని యజమాని ఆదేశించినట్లు అర్థం. కంప్యూటరు దీనిని తనంతట తాను తీసివేయదు.

రెండవ, మూడవ గుర్తుల మధ్య భేదమే చాలామందిని పొరపాటుకు లోను చేస్తుంది. రెండింటిలోనూ ఆకుపచ్చ ఉంటుంది, రెండూ ఈ రోజు తెరుచుకుంటాయి. రెండు నెలల తరువాత కూడా తెరుచుకుంటుందని నమ్మదగినది మూడవ గుర్తు ఉన్న ఫైలు మాత్రమే.

గుర్తుల మీద నమ్మకం కుదరనివారికి మరొక పరీక్ష ఉంది. ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. 'సైజ్' అన్నది ఫైలు అసలు పరిమాణం. 'సైజ్ ఆన్ డిస్క్' అన్నది ఈ కంప్యూటరులో అది ఆక్రమించిన చోటు. రెండవ అంకె సున్నా అయితే అక్కడ ఉన్నది పేరు మాత్రమే అని గ్రహించాలి.

వన్‌డ్రైవ్‌లో చేయవలసిన పని

అవసరమైన ఫైలు లేదా ఫోల్డరు మీద మౌస్ కుడి మీట నొక్కి, 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అనే ఆదేశాన్ని ఎంచుకోవాలి. “ఎల్లప్పుడూ ఈ పరికరంలో ఉంచు” అని దాని భావం. విండోస్ 11లోని కొన్ని కూర్పులలో ఇది వన్‌డ్రైవ్ అనే ఉపజాబితాలో ఉంటుంది. ఫోల్డరుకు ఈ ఆదేశం ఇస్తే, తరువాత అందులో చేర్చే కొత్త ఫైళ్ళకు కూడా అది వర్తిస్తుంది. కనుక ఒక్కొక్క ఫైలును వెతికి గుర్తు పెట్టడం కంటే, 'ముఖ్య పత్రాలు' అనే ఒక ఫోల్డరును తయారుచేసి, దానికి ఒకేసారి ఆదేశం ఇవ్వడం సులభం.

ఆదేశం ఇచ్చిన వెంటనే పని ముగిసినట్లు కాదు. ఫైళ్ళు దిగుమతి కావడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో చుట్టూ తిరిగే బాణాల గుర్తు కనిపిస్తుంది. అది నిండు ఆకుపచ్చ వృత్తంగా మారిన తరువాతనే ల్యాప్‌టాప్ మూసి ప్రయాణం కావాలి. ఈ పనిని ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద చేయడం మంచిది. మొబైల్ ఫోను డేటాను వాడితే రోజువారీ పరిమితి అయిపోవచ్చు. అంతేకాక, ఆ కనెక్షన్‌ను పరిమిత డేటా కనెక్షన్‌గా నమోదు చేసి ఉంటే వన్‌డ్రైవ్ సింక్‌ను తనంతట తానే నిలిపివేస్తుంది.

డిస్కులో చోటు చాలనప్పుడు, అప్పుడప్పుడు మాత్రమే చూసే పెద్ద ఫైళ్ళ మీద కుడి మీట నొక్కి 'ఫ్రీ అప్ స్పేస్' ఎంచుకోవచ్చు. ఇంటి ప్రతి పోతుంది, క్లౌడ్‌లోని ప్రతి నిలుస్తుంది, పేరు కనిపిస్తూనే ఉంటుంది.

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో స్టోరేజ్, దానిలో 'స్టోరేజ్ సెన్స్' అనే విభాగం ఉంది. కొంతకాలం తెరవని క్లౌడ్ ఫైళ్ళ ప్రతులను కంప్యూటరు నుండి తీసివేసే అధికారం దానికి ఇవ్వవచ్చు. 1, 14, 30, 60 రోజులు అనే గడువులతో పాటు 'నెవర్' అనే ఎంపిక కూడా అక్కడ ఉంటుంది. నిండు ఆకుపచ్చ వృత్తం ఉన్న ఫైళ్ళను ఈ ఏర్పాటు తాకదు. పోయిన నెల తెరుచుకున్న ఫైలు ఈ నెల తెరుచుకోకపోతే ముందుగా ఇక్కడే చూడాలి.

వెతకడంలో కూడా ఒక పరిమితి ఉన్నది. క్లౌడ్‌లో మాత్రమే ఉన్న ఫైళ్ళను విండోస్ వాటి పేరును బట్టి వెతకగలదు, లోపలి మాటలను బట్టి వెతకలేదు. 'స్కాన్ 0047' వంటి పేర్లకు బదులు 'తాతగారి ఇంటి పట్టా' అని స్పష్టమైన పేరు పెట్టుకోవడం అందువల్ల మేలు. తెలుగు లిపిలో పేరు పెట్టినా ఇబ్బంది లేదు.

గూగుల్ డ్రైవ్, ఇతర సేవలు

'గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్' అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులు ఉన్నాయి. 'స్ట్రీమ్' పద్ధతిలో ఫైళ్ళు క్లౌడ్‌లో ఉండి అవసరమైనప్పుడు దిగుతాయి. 'మిర్రర్' పద్ధతిలో మై డ్రైవ్‌లోని ఫైళ్ళన్నీ కంప్యూటరులో కూడా ఉంటాయి. స్ట్రీమ్ పద్ధతి వాడేవారు ఫైలు మీద కుడి మీట నొక్కి, ఆఫ్‌లైన్ యాక్సెస్‌కు సంబంధించిన జాబితాలో 'అవైలబుల్ ఆఫ్‌లైన్' ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. గూగుల్ డాక్స్, షీట్స్‌లలో తయారుచేసిన పత్రాలు కంప్యూటరులో ఫైళ్ళవలె కనిపించినా, అవి క్లౌడ్‌లోని పత్రానికి దారి చూపే గుర్తులు మాత్రమే. మిర్రర్ పద్ధతి ఎంచుకున్నా వాటిలోని విషయం ఆ ఫైలులో ఉండదు. వాటిని ఇంటర్నెట్ లేకుండా చూడాలంటే క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజరులో 'గూగుల్ డాక్స్ ఆఫ్‌లైన్' అనే అనుబంధాన్ని చేర్చి, డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ సదుపాయాన్ని ముందుగానే, అంటే ఇంటర్నెట్ ఉన్నప్పుడే, తెరిచి ఉంచాలి. అంతకంటే సులభమైన మార్గం, ముఖ్యమైన పత్రాన్ని పిడిఎఫ్‌గా దించి ఉంచుకోవడం.

మ్యాక్ కంప్యూటరులో ఐక్లౌడ్ వాడేవారు 'ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్' అనే ఏర్పాటు పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. అది పనిచేస్తుంటే, చోటు తగ్గినప్పుడు పాత ఫైళ్ళ ప్రతులు కంప్యూటరు నుండి తొలగుతాయి. డ్రాప్‌బాక్స్‌లో 'మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్' అనే ఆదేశం ఉంది. మాటలు వేరైనా అన్నిటి సారం ఒకటే.

ఏయే ఫైళ్ళను దగ్గర ఉంచుకోవాలి?

అన్నిటినీ దగ్గర ఉంచుకోవడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఫైళ్ళను రెండు ప్రశ్నలతో విడదీయవచ్చు. ఇంటర్నెట్ లేని రోజున ఇది కావలసి వస్తుందా? ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా?

మొదటి ప్రశ్నకు అవును అని జవాబు వచ్చేవి పట్టా, చిట్టా, విల్లంగ ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, వైద్య నివేదికలు, బీమా పత్రాలు. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు ఫోను, ఇంటర్నెట్ సేవలు కూడా దెబ్బతిన్నాయి. ఆపద వచ్చిన రోజునే పత్రాల అవసరం కూడా ఎక్కువ. స్కాన్ చేసిన ఒక పుట సాధారణంగా ఒకటి రెండు మెగాబైట్లకు మించదు. ఇంటిల్లిపాది పత్రాలను దగ్గర ఉంచుకున్నా డిస్కుకు అది భారం కాదు.

2015లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ డిజిలాకర్ గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2017లో సవరించిన నియమాల ప్రకారం, సంబంధిత శాఖలు డిజిలాకర్ ద్వారా జారీ చేసిన పత్రాలకు మూల పత్రాలతో సమానమైన విలువ ఉన్నది. పౌరులు స్వయంగా ఫోటో తీసి అందులో ఎక్కించుకున్న నకళ్ళకు ఆ విలువ లేదు. డిజిలాకర్‌లోని పత్రాన్ని కొత్తగా తెచ్చుకోవాలన్నా ఇంటర్నెట్ కావాలి. కనుక పిడిఎఫ్‌ను ముందే దించి 'ముఖ్య పత్రాలు' ఫోల్డరులో ఉంచుకోవాలి.

రెండవ ప్రశ్న ఇంకా లోతైనది. పట్టా నకలు పోతే కార్యాలయంలో మళ్ళీ పొందవచ్చు. ధ్రువపత్రం పోతే రుసుము చెల్లించి మళ్ళీ తెచ్చుకోవచ్చు. నాయకరాజుల కాలంలోనూ, అంతకు ముందూ వెనుకా వచ్చి మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాత్రం, ఏ కార్యాలయమూ మళ్ళీ ఇవ్వలేని ఫైళ్ళు ఉన్నాయి. అమ్మమ్మ పాడిన పెళ్ళిపాట, నాయనమ్మ చెప్పిన ఊరి కథ, తాతగారు చెబుతుండగా రాసుకున్న వంశక్రమం, చేతిరాత ఉత్తరాల ఫోటోలు ఈ కోవకు చెందుతాయి. ఈ ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవడం రానివారు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట్లో అమ్మమ్మ గొంతు రికార్డు ఒక జ్ఞాపకం మాత్రమే కాదు, పిల్లలకు భాషను వినిపించే సాధనం కూడా. అది పోతే మరొక ప్రతి ఎక్కడా ఉండదు.

ఈ ఫైళ్ళు ఆక్రమించే చోటు కూడా స్వల్పమే. సాధారణ నాణ్యతతో, అంటే సెకనుకు 128 కిలోబిట్ల వేగంతో నమోదైన ఒక గంట ఎంపి3 ధ్వని సుమారు 58 మెగాబైట్లు. ఇరవై గంటల పాటలూ మాటలూ కలిపినా 1.2 గిగాబైట్ల లోపే. చోటును మింగేవి వీడియోలు. వాటిని క్లౌడ్‌లో ఉంచి, గొంతులనూ పత్రాలనూ ఇంట్లో ఉంచుకోవడం చాలా కుటుంబాలకు సరిపోయే పద్ధతి.

ఖాళీ చేయడం వేరు, తొలగించడం వేరు

చోటు కోసం ఇబ్బందిపడేవారు చేసే పెద్ద పొరపాటు ఇది. “క్లౌడ్‌లో ఎలాగూ ఉంది కదా” అనుకొని సింక్ ఫోల్డరులోని ఫైలును డిలీట్ చేస్తారు. సింక్ తన ధర్మం తాను నెరవేరుస్తుంది. ఇక్కడ తొలగిన ఫైలు క్లౌడ్‌లో కూడా తొలగుతుంది, అదే ఖాతాతో జతపడిన ఇతర కంప్యూటర్లలో కూడా తొలగుతుంది. నీలిమేఘం గుర్తు ఉన్న ఫైలును డిలీట్ చేసినా ఫలితం ఇదే.

పొరపాటును గుర్తిస్తే దిద్దుకోవడానికి గడువు ఉంది. వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలో తొలగించిన ఫైలు అక్కడి రీసైకిల్ బిన్‌లో సాధారణంగా 30 రోజులు ఉంటుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో కూడా 30 రోజులే. ఆ తరువాత తిరిగి రాదు. కనుక చోటు కావలసినప్పుడు వాడవలసినది 'ఫ్రీ అప్ స్పేస్' ఆదేశం. డిలీట్ మీటను ఇక అక్కర లేదని తేలిన ఫైలుకు మాత్రమే వాడాలి.

ఇంటర్నెట్ లేని సమయంలో ఒకే పత్రాన్ని రెండు కంప్యూటర్లలో మార్చినా చిక్కు వస్తుంది. తిరిగి కలిసినప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు కూర్పులనూ వేర్వేరు పేర్లతో ఉంచవచ్చు. పేరు చివర కంప్యూటరు పేరుతో రెండవ ఫైలు కనిపిస్తే, తొందరపడి తొలగించకుండా రెండూ తెరిచి పోల్చి చూడాలి.

ఒక్క ప్రతి చాలదు

ఫైలును ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకున్నా, అది బ్యాకప్ అయినట్లు కాదు. తొలగింపు రెండుచోట్లా జరిగినట్లే, వైరస్ వల్ల పాడైన ఫైలు కూడా సింక్ ద్వారా క్లౌడ్‌కు చేరగలదు. ఖాతా రహస్యపదం మరచిపోయినా ఆటంకమే. రెండు సంవత్సరాల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం గూగుల్‌కు ఉన్నది. కుటుంబంలో మరణించినవారి ఖాతాలో పాత ఫోటోలు ఉండిపోయిన ఇళ్ళు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

ఈ వివేకం కొత్తది కాదు. మధురలోనూ తంజావూరులోనూ నాయకరాజుల కాలంలో వెలసిన తెలుగు గ్రంథాలు తాటాకుల మీద నిలిచాయి. తేమ, చెద, నిప్పు ఆకులను తినేవి. లేఖకులు కొత్త ఆకుల మీద మళ్ళీ మళ్ళీ ప్రతులు ఎత్తినందువల్లనే ఆ రచనలు మిగిలాయి. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులు రాయించి, సరిచూపించి సేకరించిన గ్రంథాలు నేటికీ చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ప్రతి ఎత్తనివి ఎన్నో నశించాయి.

ఇప్పటి ప్రతి ఎత్తడానికి ఘంటం అక్కరలేదు. మళ్ళీ దొరకని ఫైళ్ళను సింక్‌తో సంబంధం లేని ఒక బయటి హార్డ్ డిస్కులోకి నకలు చేసి, దానిని కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో ఉంచాలి. మరొక నకలును వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉంచితే ఇంకా మంచిది. నకలు చేసే ముందు ఆ ఫైళ్ళన్నీ పూర్తిగా దిగుమతి అయినవో లేదో గుర్తులను బట్టి నిర్ధారించుకోవాలి.

భద్రత

ఫైలు ఇంట్లో ఉందంటే, ల్యాప్‌టాప్ పోయినప్పుడు ఫైలు కూడా పరుల చేతికి పోతుందని అర్థం. కనుక కంప్యూటరుకు రహస్యపదం ఉండాలి, డిస్కును సంకేతబద్ధం చేసే సదుపాయం ఉంటే దానిని వాడాలి, దాని రికవరీ కీని కాగితం మీద రాసి విడిగా భద్రపరచాలి. బ్రౌజింగ్ సెంటరులోను, కార్యాలయంలో పలువురు వాడే కంప్యూటరులోను ఆఫ్‌లైన్ సదుపాయాన్ని తెరవకూడదు. అక్కడ పని ముగియగానే ఖాతా నుండి బయటకు రావాలి, దించుకున్న నకళ్ళను తొలగించాలి.

ఒక చిన్న పరీక్ష

పైన చెప్పిన పనులన్నీ అయిన తరువాత, తీరిక ఉన్న ఒక సాయంత్రం వైఫైని కావాలనే ఆపివేసి, ముఖ్య పత్రాలలో నాలుగైదింటిని తెరిచి చూడాలి. వాటిలో అమ్మమ్మ పాట కూడా ఉండాలి. తెరుచుకున్నవి ఇంట్లో ఉన్నట్లు. తెరుచుకోని వాటి పేర్లు రాసుకొని, వైఫై తిరిగి వేసి, ఆదేశం ఇచ్చి, మళ్ళీ పరీక్షించాలి. ఆరు నెలలకు ఒకసారి, కొత్త ల్యాప్‌టాప్ కొన్న ప్రతిసారీ, వానకాలానికి ముందు ఈ పరీక్ష జరపడం మంచి అలవాటు. ఇంట్లో ఒకరికే తెలిసిన పనిగా దీనిని ఉంచక, పిల్లల చేత చేయిస్తే ఏ ఫోల్డరులో ఏముందో వారికీ తెలుస్తుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దల మాట. విద్యుత్ నిలిపివేత ప్రకటన పత్రికలో కనిపించిన రోజున ఆ మాట గుర్తుకు వస్తే, దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది.